మరిపెడ నుంచి బైరాన్‌పల్లి దాకా: యుద్ధం జాగలు చూడబోయే ముందు

మరిపెడ బంగ్లా చౌరస్తాలో నిలబడి ఏ దారి పట్టినా 1946–51 నాటి తెలంగాణ సాయుధ పోరాట యుద్ధం ఎక్కడో ఒకచోట ఎదురవుతుంది. ఉత్తరాన దంతాలపల్లి, తొర్రూరు మీదుగా వరంగల్ రోడ్డు. తొర్రూరులో పడమటికి మళ్లితే పాలకుర్తి, విస్నూరు, కడవెండి. చౌరస్తా నుంచి నేరుగా పడమటికి పోతే తుంగతుర్తి. ఆ పక్కనే భీమిరెడ్డి నరసింహారెడ్డి, ఆయన చెల్లెలు మల్లు స్వరాజ్యం పుట్టి పెరిగిన కరివిరాల కొత్తగూడెం ఉంది. తూర్పు దారి కురవి మీదుగా మానుకోటకు, అంటే మహబూబాబాద్‌కు, పోతుంది, దాని వెనుక కమ్యూనిస్టు గెరిల్లా దళాలు తలదాచుకున్న అడవులు. దక్షిణాన ఖమ్మం. ఇక జిల్లాల విభజన దాకా మా మరిపెడ మండలంలోనే ఉన్న చిన్నగూడూరు దాశరథి సోదరులను కన్న ఊరు. 1925లో పుట్టిన కృష్ణమాచార్య పద్యం రాసి జైలుకు పోయాడు. 1928లో పుట్టిన రంగాచార్య తుపాకి పట్టాడు, తర్వాత కలం పట్టాడు.

ఇన్ని దారుల నడుమ బతుకుతూ కూడా మా అన్న కొడుకు అడిగిన మాటకు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. వాడు హైదరాబాదులో డిగ్రీ చదువుతున్నాడు. దసరా సెలవులకు వస్తూ ఇద్దరు స్నేహితులను వెంటబెట్టుకొస్తానని ఫోన్ చేశాడు. "చిన్నాయనా, సాయుధ పోరాటం మ్యూజియం ఏ ఊర్ల ఉన్నది? టికెట్ ఎంత? ఒక్క రోజుల అయిపోతదా?" అన్నాడు. మ్యూజియం లేదని చెప్పడానికి నోరు రాలేదు. ఉన్నవేమిటో, లేనివేమిటో, ఉన్నవాటిని ఎట్లా చూడాలో కుదురుగా కూర్చుని ఆలోచించాను. ఆ ఆలోచనే ఈ వ్యాసం.

మొదట పేరు సంగతి. మనం చూడబోయేది యుద్ధ స్మారకాలనేనా? 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ట్యాంకులతో, విమానాలతో వచ్చింది. సైనికాధికారులు దానికి ఆపరేషన్ పోలో అని పేరు పెట్టుకున్నారు. నడిపించినవాడు మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి, లొంగిపోయినవాడు నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్. ఐదు రోజుల్లో ముగిసిన ఆ దండయాత్రకు కాగితాల మీద 'పోలీసు చర్య' అని రాశారు. యుద్ధమంటే రెండు దేశాల మధ్య జరిగేది, ఇది ఇంటి వ్యవహారమని చెప్పడానికి ఆ పేరు. మా ఊళ్లలో ఇప్పటికీ పెద్దవాళ్లు కాలాన్ని 'పోలీస్ యాక్షన్‌కు ముందు, తర్వాత' అనే లెక్కపెడతారు. కానీ ఊళ్లల్లో యుద్ధం అంతకు రెండేళ్ల ముందే మొదలైంది, ఆ తర్వాత మూడేళ్లు నడిచింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నుంచి 1951 అక్టోబరు 21న కమ్యూనిస్టు పార్టీ పోరాటాన్ని విరమించుకునే దాకా సాగిన దాన్ని యుద్ధమని కాక ఇంకేమనాలి? నాలుగు వేల మంది కమ్యూనిస్టులు, రైతులు ప్రాణాలిచ్చారనీ, మూడు వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు నడిచాయనీ, పది లక్షల ఎకరాలు పంచారనీ పుచ్చలపల్లి సుందరయ్య తన పోరాట చరిత్రలో లెక్క చెప్పాడు. అది పోరాడిన పార్టీ నాయకుడి లెక్క అని గుర్తుపెట్టుకుని చదివినా, చిన్న లెక్క కాదు.

ఇంత పెద్ద యుద్ధానికి ఇక్కడ మిగిలింది స్థూపాలు. ఎర్రరంగు వేసిన సిమెంటు దిమ్మె, పైన సుత్తీ కొడవలి, కింద పేర్లు, తేదీ. జనగామ, మానుకోట, సూర్యాపేట పల్లెల్లో తిరిగేవాళ్లకు ఇవి కొత్త కాదు. బస్సు కిటికీలోంచి చూస్తూ దాటిపోతాం. మ్యూజియానికి వెళ్లినవాడికి ఎవరో ముందే వస్తువులు ఏరి, వరుసలో పెట్టి, పక్కన చీటీ రాసిపెట్టి ఉంచుతారు. వాడు నడుచుకుంటూ పోతే చాలు. స్థూపం దగ్గర ఆ పనంతా చూడబోయినవాడే చేసుకోవాలి. ఏమీ తెలియకుండా కడవెండికి వెళ్లినవాడు ఒక స్థూపం చూసి, ఫోటో దిగి, పావుగంటలో తిరిగొస్తాడు. తెలిసి వెళ్లినవాడికి ఒక పూట చాలదు. ప్రయాణం ఏర్పాట్లలో బస్సు టైము కంటే ముందు చూసుకోవలసింది ఇదే.

తెలుసుకునే పని ఊర్ల పేర్లతోనే మొదలవుతుంది. పాత పుస్తకంలో కడవెండి నల్లగొండ జిల్లాలో ఉంటుంది, ఎందుకంటే అప్పట్లో జనగామ తాలూకా నల్లగొండలోది. తర్వాతి పుస్తకాల్లో వరంగల్ జిల్లా అని ఉంటుంది. 2016 అక్టోబరు తర్వాత జనగామ జిల్లా, దేవరుప్పుల మండలం. బైరాన్‌పల్లి వరంగల్ నుంచి సిద్దిపేట జిల్లాకు పోయింది. పరకాల ఇప్పుడు హనుమకొండ జిల్లా. కరివిరాల సూర్యాపేట జిల్లా. ఒకే పోరాటం చేసిన ఊళ్లు ఇప్పుడు వేరువేరు జిల్లాల పర్యాటక పటాల్లో విడివిడిగా పడి ఉన్నాయి. రాత కూడా ఒక్క తీరుగా లేదు: కడవెండి, కడివెండి, విస్నూరు, విసునూరు. ఫోన్‌లో వెతికేవాళ్లు రెండు తీర్లా వెతకాలి.

మరిపెడ నుంచి బయలుదేరేవాళ్లకు మొదటి మజిలీ పాలకుర్తి. చిట్యాల ఐలమ్మ, మన నోట చాకలి ఐలమ్మ, ఈ ఊరి మనిషి. కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పంటను విస్నూరు దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోవడానికి వస్తే, ఆంధ్ర మహాసభ వాళ్ల సంగం కార్యకర్తల అండతో పంటను తన ఇంటికి చేర్చుకుంది. 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది. ఇక్కడ ఆమె పేరు మీద స్మారక భవనం ఉంది, విగ్రహాలైతే ఇప్పుడు రాష్ట్రమంతటా ఉన్నాయి, 2024లో హైదరాబాదు కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి కూడా ఆమె పేరే పెట్టారు. బతికినన్నాళ్లూ బట్టలుతికి, వ్యవసాయం చేసి బతికిన ఆమెకు పోయిన నలభై ఏళ్లకు ఇంత పేరొచ్చింది. సంతోషించవలసిందే. అయితే విగ్రహం చేతిలో కొడవలో కర్రో పెడతారు గాని, ఆ గొడవంతా కౌలు గురించి, కోర్టు గురించి, పంట ఎవరిదనే హక్కు గురించి నడిచిందని విగ్రహం చెప్పదు. పాలకుర్తిలో ఆగినవాళ్లు ఆ పొలం ఏ దిక్కున ఉండేదో అడగండి.

పాలకుర్తి నుంచి విస్నూరు దగ్గరే. దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి ఉండిన కోటలాంటి గడి ఈ ఊళ్లోదే. నలభై గ్రామాలు, నలభై వేల ఎకరాలు ఆయన చేతి కింద ఉండేవని పోరాట చరిత్రలు రాస్తాయి. గడిని చూడకుండా స్థూపాన్ని చూడటం సగం చూడటమే. వెట్టి అనే మాటకు అర్థం గడి దగ్గర తెలుస్తుంది. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, మాదిగ, మాల, ఎవరి వంతు పని వాళ్లు ఊరికే చేసిపోవాలి. పండక్కి గొర్రె, పెళ్లికి కట్టెలు, దొరసాని ప్రయాణానికి మేనా మోసే బోయీలు, అందరూ ఈ గేటు ముందుకే రావాలి. తెలంగాణలో చాలా గడులు కూలిపోయాయి, కొన్నింట్లో బడులో ఆఫీసులో నడిచాయి, కొన్ని వారసుల ఆస్తిగా తాళాలేసి ఉన్నాయి. కాబట్టి అడగకుండా ఏ గడి లోపలికీ పోవద్దు. గోడ మందం, గేటు ఎత్తు బయటి నుంచి చూసినా చాలు.

అక్కడి నుంచి కడవెండి. దేశ్‌ముఖ్ తల్లి జానకమ్మ ఉండి పెత్తనం చేసిన గడి ఈ ఊళ్లోదే. గొర్లకాపరి ఇంట్లో పుట్టిన దొడ్డి కొమరయ్య, అన్న మల్లయ్యతో కలిసి సంగంలో చేరాడు. కర్రలు పట్టుకు తిరిగేవాళ్లు కనుక అప్పుడు దాన్ని 'గుత్పల సంగం' అని కూడా అనేవాళ్లు. జులై 4న సంగం జనం నినాదాలిస్తూ ఊరేగింపుగా వస్తుంటే దొర మనుషులు తుపాకులు కాల్చారు. కొమరయ్య అక్కడికక్కడే పడిపోయాడు, మల్లయ్యకు గాయమైంది. జనం బెదిరి పారిపోలేదు. గడి మీదికి నడిచారు. ఆ తర్వాతి వారాల్లో ఊరి వెంట ఊరు ఊరేగింపులు కదిలాయి, వెట్టి ఆగిపోయింది. అందుకే చరిత్ర రాసినవాళ్లు సాయుధ పోరాటానికి మొదటి అమరుడిగా కొమరయ్య పేరు రాస్తారు. నా మట్టుకు నాకు కడవెండిలో చూడవలసిన అసలు స్మారకం ఆ బాట. సంగం జనం బయలుదేరిన చోటు నుంచి తుపాకులు పేలిన చోటుకు కాలినడకన పోవాలి. ఎంత తక్కువ దూరమో తెలిసినప్పుడు, ఎదురుగా తుపాకి ఉందని తెలిసీ నడిచినవాళ్ల ధైర్యం ఎంతదో అర్థమవుతుంది.

కడవెండి కంటే ముందు బందగీ ఉన్నాడని మరిచిపోవద్దు. దేవరుప్పుల దగ్గర కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ సమాధి ఉంది. తన కొద్దిపాటి భూమి కోసం విస్నూరు దేశ్‌ముఖ్‌తో ఏళ్ల తరబడి కోర్టులో కొట్లాడి గెలిచిన పేద ముస్లిం రైతు అతను. 1940ల మొదట్లో అతన్ని చంపించారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 'మాభూమి' నాటకం రాయడానికి ప్రేరణ ఈ మనిషే. ఈ దేవరుప్పుల పక్కనే ధర్మాపురం తండాల లంబాడీలు భూమి కోసం కొట్లాడారు. ఠానూ నాయక్ ఆ పోరాటంలో ప్రాణమిచ్చాడు. మరిపెడ చుట్టూ ఉన్న తండాల పిల్లలను ఈ ప్రయాణానికి తీసుకుపోతే అక్కడ తప్పకుండా ఆపండి. ఇది ఎవరి చరిత్రో వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక బైరాన్‌పల్లి. దీని కోసం ఒక రోజు పూర్తిగా పెట్టుకోవాలని నా పట్టుదల. జనగామలో రాత్రి ఆగి పొద్దున్నే బయలుదేరితే ఎండెక్కేలోపు చేరుకోవచ్చు. ఈ ఊరి నడుమ ఒక బురుజు ఉంది. మన ప్రాంతంలో యుద్ధానికి మిగిలిన సాక్ష్యాల్లో, ఎవరో తర్వాత కట్టింది కాకుండా, యుద్ధం జరిగినప్పుడు అక్కడే నిలబడి ఉన్న కట్టడం, దొరల గడులను పక్కనపెడితే, ఇదొక్కటేనేమో అనిపిస్తుంది నాకు. నిజాం పక్షాన నిలిచిన ప్రైవేటు సేన రజాకార్లు పల్లెల మీద పడి దోచుకుంటున్న రోజుల్లో ఈ ఊరు తన కాపలా తానే పెట్టుకుంది. బురుజు మీద మనుషులు, బర్మారు తుపాకులు, మందుగుండు, వడిసెలలు, దూరాన దుమ్ము లేస్తే మోగించడానికి నగారా. ముందు వచ్చిన దాడులను ఊరు తిప్పికొట్టింది. 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున రజాకార్లతో పాటు నిజాం పోలీసులు, సైన్యం పెద్ద ఎత్తున వచ్చి ఊరిని చుట్టుముట్టాయి. ఫిరంగి దెబ్బకు బురుజు మీది రక్షణ కూలింది. ఆ తర్వాత దొరికిన మగవాళ్లను ఊరి బయట వరసలో నిలబెట్టి కాల్చారు. అదే రోజు పక్కనున్న కూటిగల్లు మీద కూడా పడ్డారు. బైరాన్‌పల్లి మృతుల లెక్క కొందరు 96 అంటారు, కొందరు 118 అంటారు. ఆ ఊరి ఆడవాళ్లను శవాల చుట్టూ బతుకమ్మ ఆడించారని తరతరాలుగా చెప్పుకుంటారు.

రెండు లెక్కల మధ్య తేడా ఇరవై రెండు. ఇరవై రెండు కుటుంబాలు ఆ తేడాలో ఉన్నాయి. ఏ ఊరివాళ్లో తెలియక, ఆ రోజు ఆ ఊళ్లో తలదాచుకోవడానికి వచ్చి చనిపోయినవాళ్లను ఒకరు లెక్కలో చేర్చారో, మరొకరు వదిలేశారో, రెండు ఊళ్ల మృతులను కలిపి ఒకరు లెక్కించారో. ఒక మ్యూజియం ఉంటే చేయవలసిన మొట్టమొదటి పని ఇదే, పేరుపేరునా, ఇంటి పేరుతో, తండ్రి పేరుతో, ఒక్కొక్కరి గురించి రెండు వాక్యాలతో జాబితా తయారుచేయడం. ఇంకా చేయవచ్చు. మనుమలు ఉన్నారు, చెప్పుకున్న మాట ఉంది. 1948లో పదిహేనేళ్లున్నవాళ్లకు ఇప్పుడు తొంభై దాటాయి. కళ్లారా చూసినవాళ్ల నోట వినే రోజులు దాదాపు అయిపోయాయి.

బురుజును బాగుచేయాలని అప్పుడప్పుడూ మాటలు వినపడతాయి. అవి విన్నప్పుడల్లా నాకు అమృత్‌సర్ జలియన్‌వాలా బాగ్ గుర్తొస్తుంది. 1919 ఏప్రిల్ 13 నాటి తూటాల గుర్తులు అక్కడి గోడ మీద ఇప్పటికీ కనపడతాయి. కానీ 2021లో చేసిన మార్పుల్లో, డయ్యర్ సైన్యం లోపలికి వచ్చిన ఆ ఇరుకు సందును శిల్పాలతో నింపి అందంగా తీర్చిదిద్దారని చరిత్రకారులు బాధపడ్డారు. ఆ సందు ఇరుకుగా, బోడిగా ఉన్నప్పుడే లోపల చిక్కినవాళ్ల భయం అర్థమయ్యేది. బైరాన్‌పల్లి బురుజుకు కావలసింది కూలకుండా ఆపడం. రంగులు, దీపాల తోరణాలు, సిమెంటు పూత వద్దు. దెబ్బతిన్నచోటు దెబ్బతిన్నట్టే కనపడాలి.

పరకాల దారి వేరు. వరంగల్ దాటి భూపాలపల్లి రోడ్డు పట్టాలి కనుక దీన్ని విడిగా పెట్టుకోవడం మంచిది. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయడానికి కూడిన జనం మీద నిజాం పోలీసులు కాల్పులు జరిపారు. ఇరవై మందికి పైగా చనిపోయారని చెబుతారు. ఇక్కడి అమరధామం కేంద్రమంత్రిగా చేసిన సి.హెచ్. విద్యాసాగరరావు పూనికతో వచ్చింది, ఆనాటి ఘటనను శిల్పాల్లో చూపిస్తుంది. చిట్యాల దగ్గర, హైదరాబాదు–విజయవాడ హైవే పక్కన గుండ్రాంపల్లిలో రజాకార్ల చేతిలో చనిపోయినవాళ్ల స్థూపం ఉంది. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్లు దారిలో ఆగి చూడవచ్చు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఏ స్మారకం దగ్గరికి పోయినా ముందు రెండు చూడాలి: దాన్ని ఎవరు కట్టించారు, చనిపోయిన తేదీ ఏమిటి. పరకాలలో జెండా కథ వినపడుతుంది, కడవెండిలో భూమి కథ. రెండూ నిజమే, రెండూ ఒకే నిజాం కాలంలోవే, కానీ కట్టించినవాళ్లు వేరు. ఇక తేదీ. స్థూపం మీది తేదీ నిజాం లొంగిపోయిన 1948 సెప్టెంబరు 17కు ముందుదైతే ఆ మృతుడిని అందరూ తమవాడంటారు, అన్ని పార్టీల నాయకులూ దండలు వేస్తారు. తేదీ ఆ తర్వాతదైతే అక్కడికి ఎర్రజెండావాళ్లే వస్తారు. ఎందుకంటే అతన్ని చంపింది రజాకార్లు కాదు, స్వతంత్ర భారతదేశపు పోలీసులో సైనికులో. దొరలు గడులకు తిరిగొచ్చారు, పంచిన భూములను మళ్లీ లాక్కున్నారు, అడవుల్లోని కోయగూడేలను ఖాళీ చేయించి క్యాంపుల్లో కుక్కారు. మానుకోట నుంచి గోదావరి దాకా ఉన్న అడవి ఆ మూడేళ్ల యుద్ధాన్ని మోసింది. నాకు తెలిసి ఆ గూడేలకు ఏ స్మారకమూ లేదు. మా వాడికి చెప్పాను, ప్రతి స్థూపం దగ్గరా తేదీ ఒక నోటుబుక్కులో రాసుకొమ్మని. తిరిగొచ్చాక ఆ తేదీలను వరుసలో పెట్టుకుంటే ఎవరూ చెప్పని పాఠం ఒకటి తనంతట తానే బయటపడుతుంది.

సెప్టెంబరు 17కే ఎన్ని పేర్లో చూడండి. కొందరికి విమోచన, కొందరికి విలీనం, కొందరికి విద్రోహం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం చేసింది, కేంద్రం హైదరాబాద్ విమోచన దినం చేసింది. 2024లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అంది. వేదిక మీద పేరు మారినప్పుడల్లా కింద కూర్చున్న పిల్లలకు కథ మారిపోతుంది.

ఏ పేరుతో పండుగ చేసినా, ఆ వారాల్లో చచ్చిపోయిన మరికొందరి ఊసు వేదిక మీద రాదు. పోలీసు చర్య తర్వాత సంస్థానంలో, ముఖ్యంగా పడమటి జిల్లాల్లో, ముస్లింల మీద జరిగిన హత్యలను విచారించమని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక చాలా దశాబ్దాలు బయటికి రాలేదు. రజాకార్ల పాపానికి రజాకార్లతో ఏ సంబంధమూ లేని పేదలు బలయ్యారు. బైరాన్‌పల్లి కోసం కన్నీళ్లు పెట్టుకునే మనసు వాళ్ల కోసమూ పెట్టుకోవాలి. అదే ఆగస్టులో, బైరాన్‌పల్లికి సరిగ్గా ఐదు రోజుల ముందు, రజాకార్లు హైదరాబాదులో 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను చంపారు. రాసిన చేతిని నరికారు. పాత వరంగల్ జిల్లాలో పుట్టిన ఆ ముస్లిం యువకుడు రాసిందల్లా హైదరాబాదు భారత్‌లో కలవాలనే. షోయబుల్లాఖాన్, బందగీ, కమ్యూనిస్టు కవి మఖ్దూం మొహియుద్దీన్ పేర్లు లేకుండా ఈ కథ చెప్పేవాళ్లను నమ్మొద్దని మా వాడికి గట్టిగా చెప్పాను.

ఇప్పుడు మ్యూజియం మాటకొస్తాను. హైదరాబాదు పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన వెండి కానుకలు, నమూనాలు అద్దాల వెనుక భద్రంగా ఉన్నాయి. వాటిని దాచవద్దని నేననను, అవీ చరిత్రే. కానీ ఆ రోజుల్లో పన్ను కట్టి, వెట్టి చేసి, చివరికి తిరగబడ్డ మనిషి చేతి వస్తువు ఒక్కటైనా మన ఈ జిల్లాల్లో అద్దం వెనుక పెట్టింది నేను చూడలేదు. వడిసెల ఎట్లా ఉంటుందో మా అన్న కొడుక్కి తెలియదు. పిట్టలను తోలే ఆ తాడుతో రాయి విసిరితే పోలీసు తలకాయ పగిలేదని చెబితే వాడు నమ్మలేదు. రోకలిబండ, కారంపొడి ముంత, గొంగడి, గుత్ప, బర్మారు తుపాకి గొట్టం, సంగం సభ్యత్వ రసీదు, దళాలకు సద్ది మోసిన గంప, అప్పు తీరక వెట్టికి రాసిచ్చిన కాగితం, కోర్టు సమను. ఇవి ఎవరి అటకల మీదో, ఎవరి సందూకల్లోనో ఉన్నాయి. కొన్ని పాత సామానోడి త్రాసులోకి పోయాయి.

హిరోషిమాలో 1955లో తెరిచిన శాంతి స్మారక మ్యూజియంలో చూసినవాళ్లను నిలబెట్టేసేది ఒక పిల్లవాడి మూడు చక్రాల సైకిలు, మాడిపోయిన ఒక అన్నం డబ్బా. అంతమంది చావును అంకె చెప్పలేదు, ఆ డబ్బా చెప్పింది. మనకు దగ్గర్లో విశాఖపట్నం ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామిని బీచ్ మీదికి లాగి 2002లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ చూపించేవాళ్లు నౌకాదళంలో పనిచేసి రిటైరైన మనుషులు. ఆ ఇరుకు గొట్టంలో వాళ్లు ఎక్కడ పడుకునేవాళ్లో, నీళ్లు ఎట్లా పొదుపు చేసేవాళ్లో వాళ్లే చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. 1971 యుద్ధానికి దగ్గర్లోనే 'విక్టరీ ఎట్ సీ' స్తంభం కూడా ఉంది, కానీ పిల్లలు స్తంభం దగ్గర రెండు నిమిషాలుంటే జలాంతర్గామిలో గంట ఉంటారు. వస్తువు, దాన్ని వాడిన మనిషి నోటి మాట, ఈ రెండూ కలిస్తేనే మ్యూజియం. భవనం తర్వాతి సంగతి. పాలకుర్తిలోనో దేవరుప్పులలోనో ఒక పాత బడి గది చాలు మొదలుపెట్టడానికి.

కాగితాల వరకు కొంత మేలు. హైదరాబాదు బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో పోరాటానికి సంబంధించిన పుస్తకాలు, పత్రికలు దొరుకుతాయి. తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, అక్కడి పాత రికార్డుల్లో ఉర్దూ, ఫారసీవే ఎక్కువ కాబట్టి ఆ లిపి చదవగలిగినవాళ్లు తోడుండాలి. అయితే అన్నీ ఒక్కచోటే ఉండటం కూడా ప్రమాదమే. 2000 ఆగస్టు వరదల్లో విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు వచ్చి అక్కడి ఉర్దూ గ్రంథాలయం ఎంతో నష్టపోయింది. సునీల్ జానా తీసిన ఆనాటి ఫోటోలు ఉన్నాయి, తుపాకులు పట్టిన పల్లె యువకుల ముఖాలు అందులో చూడవచ్చు. ఆ ముఖాలు పుట్టిన ఊళ్లలో మాత్రం ఆ ఫోటోలు లేవు.

వెళ్లే ముందు చదవవలసినవి ఎక్కువేం చెప్పలేదు, మూడే చెప్పాను. నాయకుడి వైపు నుంచి సుందరయ్య రాసింది. ఆడవాళ్ల నోటి మాటగా స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. దళంలో ఉన్న ఆడవాళ్లు కాన్పులు, ఆకలి, పార్టీలోని మగవాళ్ల తీరు గురించి దాపరికం లేకుండా మాట్లాడిన పుస్తకం అది. మూడోది మా చిన్నగూడూరు దాశరథి రంగాచార్య నవల 'చిల్లర దేవుళ్లు'. గడిలో మనుషులు ఎట్లా మాట్లాడుకునేవాళ్లో అందులో వినపడుతుంది.

ఎప్పుడు వెళ్లాలి? ఎండాకాలం వద్దు. ఈ ఊళ్లలో నీడ తక్కువ, హోటళ్లు ఇంకా తక్కువ. దసరా నుంచి సంక్రాంతి దాకా బాగుంటుంది. జులై 4, ఆగస్టు 27, సెప్టెంబరు 2, సెప్టెంబరు 10, ఈ తేదీల్లో వెళ్తే సభలుంటాయి, పాటలుంటాయి, వృద్ధులను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పుతారు. పాటల కోసం ఒకసారి ఆ రోజుల్లో వెళ్లండి. కానీ ఎవరితోనైనా నిమ్మళంగా మాట్లాడాలంటే ఏమీ లేని మామూలు రోజే మేలు. తొర్రూరు, పాలకుర్తి, జనగామ దాకా ఆర్టీసీ బస్సులు ఉంటాయి. అక్కడి నుంచి లోపలి ఊళ్లకు ఆటో మాట్లాడుకోవాలి. రోజంతటికీ ఒకే ఆటో మాట్లాడుకుంటే డ్రైవరే సగం గైడవుతాడు, ఎవరింటికి పోతే ఎవరు మాట్లాడతారో అతనికే తెలుస్తుంది. సద్ది కట్టుకుపోవాలి. ఊళ్లో దిగగానే ఫోన్ కెమెరా తీయొద్దు. ముందు రచ్చకట్ట దగ్గరో, గ్రామ పంచాయతీ దగ్గరో కూర్చుని మనం ఎవరమో, ఏ ఊరివాళ్లమో చెప్పుకోవాలి. "మీ తాత ఎట్ల సచ్చిపోయిండు?" అని మొదటి మాటగా ఎవరినీ అడగొద్దు. ఊరి చెరువు గురించి, పంట గురించి మొదలైన మాట తనంతట తానే అటు తిరుగుతుంది. చెప్పేవాళ్లు ఒప్పుకుంటేనే రికార్డు చేయాలి, ఆ రికార్డు ప్రతి ఒకటి వాళ్ల పిల్లలకు పంపాలి. తీసుకుపోయి మళ్లీ కనపడనివాళ్లను ఈ ఊళ్లు చాలామందినే చూశాయి.

ఇట్లా రాసుకున్న పథకం మా వాడికి పంపాను. మొదటి రోజు తొర్రూరు, పాలకుర్తి, విస్నూరు, కడవెండి, కామారెడ్డిగూడెం, రాత్రికి జనగామ. రెండో రోజు బైరాన్‌పల్లి, వీలైతే కూటిగల్లు. పరకాల ఇంకోసారికి. రెండు రోజుల తర్వాత వాడు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి టికెట్ ఊసెత్తలేదు. "మరి మన ఇంట్ల ఎవరికీ ఏం గాలేదా అప్పుడు? నానమ్మనడుగు" అన్నాడు.

నేనెప్పుడూ అడగలేదు. ఇన్నేళ్లూ స్థూపాల వెంట తిరిగినవాణ్ని ఇంట్లో అడగలేదు. ఆ సాయంత్రం అమ్మ పక్కన మంచం మీద కూర్చుని అడిగాను. అమ్మ అప్పటికి చంటిపిల్ల, తనకు తెలిసింది వాళ్లమ్మ చెప్పిందే. రజాకార్లు వస్తున్నారని కబురొస్తే వడ్లు పాతరలో పోసి మట్టి కప్పి, ఊరంతా జొన్నచేలల్లోకి పోయి పండుకునేవాళ్లట. పిల్ల ఏడిస్తే అందరి ప్రాణాలూ పోతాయని అమ్మ నోట్లో కొంగు పెట్టి పట్టుకుందట వాళ్లమ్మ. ఊపిరాడక ఒళ్లు నల్లబడింది, బతుకుతుందనుకోలేదు అని తర్వాత చాలాకాలం చెప్పుకుని ఏడ్చేదట. "ఆ చేను ఇప్పుడు పత్తి పెడుతున్నరు. నడవలేను గానీ ఆటోల ఎక్కిస్తే చూపిస్త" అంది అమ్మ.

పథకం మార్చాం. మొదటి రోజు పొద్దున తొర్రూరు బస్సు ఎక్కడం లేదు. ముందు అమ్మను ఆటోలో ఎక్కించుకుని ఆ పత్తి చేను దగ్గరికి పోతున్నాం.